విదేశం నుంచి వచ్చే ఇంజినీరు చేరే తేదీని ముందే చెప్పేశావు కదా

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. విదేశంలో ఉన్న ఇంజినీరును ఇంటర్వ్యూ చేసి ఎంపిక పూర్తి చేశావనీ, వచ్చే నెల ఒకటో తేదీకల్లా ఆయన వచ్చి చేరతాడని పైవాళ్లకు మాట కూడా ఇచ్చేశావనీ చదివి నవ్వుకున్నాను, ఏమీ అనుకోకు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. పైగా మీ సంస్థకు మూడు దేశాల్లో శాఖలుండగా, ఆయనను కెనడాలో చేర్చుకుంటావో, అమెరికాలోనో, బ్రిటన్‌లోనో రాయనే లేదు. తేదీ మొత్తం దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఆయన ప్రతిభ గురించి రెండు పేజీలు రాశావు. కానీ విదేశీయులను పనిలో పెట్టుకోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి, చాలా దేశాల్లో ఆ అనుమతిచ్చే కార్యాలయం ముందు ఆరా తీసేది నీ గురించే. ఆ ఉద్యోగం నిజంగా ఉందా, స్థానికుల కోసం మనస్ఫూర్తిగా వెతికావా, ఇవ్వబోయే జీతం ఆ ప్రాంతంలో ఆ పనికి నడుస్తున్న జీతానికి తగ్గకుండా ఉందా అని చూస్తారు. చౌకగా వస్తారని బయటివాళ్లను తెచ్చి, ఉన్నవాళ్ల జీతాలకు గండి కొడతారేమోనన్న భయమే ఈ తతంగానికంతటికీ మూలం. విసుగు పుట్టించినా, ఆ భయం నిరాధారమైనదని నేను అనను.

కెనడాలో మినహాయింపు లేని ఉద్యోగానికి ముందుగా ఎల్‌ఎంఐఏ అనే అనుమతి, అంటే విదేశీయుడిని తీసుకోవడం వల్ల అక్కడి ఉద్యోగులకు నష్టం లేదన్న ప్రభుత్వ నిర్ధారణ, నీ సంస్థ తెచ్చుకోవాలి. దానికోసం సాధారణంగా కనీసం 4 వారాలు ప్రకటన నడపాలి; ఒక్కో ఉద్యోగానికి 1,000 కెనడా డాలర్ల రుసుము కట్టాలి. ఆ రుసుమును ఉద్యోగి నుంచి ఏ రూపంలోనూ రాబట్టుకోకూడదు. అనుమతి వచ్చాక కూడా పని సగమే అయినట్టు, ఎందుకంటే దాన్ని జతచేసి ఆయన వేరే శాఖకు వర్క్ పర్మిట్ దరఖాస్తు పెట్టుకోవాలి.

అమెరికా సంగతి వేరు. నిపుణులైన విదేశీ ఉద్యోగులకిచ్చే హెచ్‌1బీ వీసాకు మామూలుగా ప్రకటనల గొడవ లేదు కానీ, ఆ ప్రాంతంలో నడిచే జీతం, మీ దగ్గర అదే పని చేసేవాళ్ల జీతం, ఈ రెండింటిలో ఎక్కువైనదే ఇస్తామని కార్మిక శాఖకు హామీ రాసివ్వాలి. ఏడాదికి 65,000 వీసాలు, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకు మరో 20,000 అన్న పరిమితి ఉంది. ఆ పరిమితిలోకి వచ్చే కొత్త ఉద్యోగి ఎంపికైనా, అక్టోబరు 1కి ముందు చేరలేడు. ఇక గ్రీన్‌కార్డు కోసం పెర్మ్, అంటే ఆ పనికి స్థానికులు దొరకలేదని కార్మిక శాఖ చేత ధ్రువీకరింపజేసుకునే ప్రక్రియ, మొదలుపెడితే, ఇప్పటికీ రెండు ఆదివారాలు వార్తాపత్రికలో ప్రకటన వేయాలి. ఆదివారం పేపరు తిరగేసి ఉద్యోగం వెతుక్కునే ఇంజినీరును నేనింతవరకు చూడలేదు!

బ్రిటన్ 2020 డిసెంబరులో, స్థానికుల కోసం వెతికామని ప్రకటనలతో రుజువు చేసే పద్ధతిని తీసేసింది. అయితే అక్కడ సంస్థకే ముందు స్పాన్సర్ లైసెన్సు, అంటే విదేశీయులను పనిలోకి తీసుకోవడానికి ప్రభుత్వమిచ్చే లైసెన్సు, ఉండాలి. మీకుందో లేదో కనుక్కో.

ప్రకటన దగ్గర నేను చేసిన పొరపాటు నువ్వు చేయకు. ఒకసారి మేము కోరుకున్న మనిషి రెజ్యూమెను ఎదురుగా పెట్టుకుని, ఆయనకున్న అర్హతలన్నీ పొల్లుపోకుండా ఉద్యోగానికి కావలసిన అర్హతలుగా రాసేశాను. అందులో ఆయనకు వచ్చిన ఒక విదేశీ భాష కూడా ఉంది. అధికారి నుంచి ఒకే వాక్యంలో ప్రశ్న వచ్చింది: ఈ ఉద్యోగి రోజువారీ పనిలో ఆ భాషను ఎవరితో మాట్లాడతాడు? మా దగ్గర జవాబు లేదు. దరఖాస్తు తిరస్కరించారు, ప్రకటన మళ్లీ మొదటి నుంచి వేశాం. ఈలోగా ఆయన, నా మాట నమ్మి, ఉన్న ఉద్యోగానికి రాజీనామా చేసి కూర్చున్నాడు. ఆయన ఒక్క మాట కూడా తూలలేదు కానీ, ఆ నాలుగు నెలలూ ఫోన్ మోగితే నాకు గుండె గుభేలుమనేది.

అందుకే చెబుతున్నాను, అనుమతి చేతికొచ్చేవరకు ఆయనను రాజీనామా చేయవద్దని ఈరోజే చెప్పు. వచ్చాక కూడా అలాంటి పర్మిట్ సాధారణంగా మీ సంస్థకే, ఆ పనికే ముడిపడి ఉంటుంది. హోదా మార్చినా, వేరే ఊరి శాఖకు పంపినా ముందు నిబంధనలు చూడాలి. రేపు మీరు తీసేస్తే, హెచ్‌1బీ అయితే మరో దారి చూసుకోవడానికి గరిష్ఠంగా 60 రోజులే ఉంటాయి. ఇల్లూ పిల్లల బడీ సర్దుకోవడానికి అదేపాటి?

ప్రకటన ముసాయిదాను బయటపెట్టే ముందు నాకు పంపు. జీతం అంకెలో బోనస్ కలపకు. ఆయన పాస్‌పోర్టు గడువు ఎప్పుడు తీరుతుందో కూడా రాయి, ఎందుకంటే కెనడాలో పర్మిట్‌ను ఆ గడువు దాటి ఇవ్వరు. పైవాళ్లకు చెప్పిన ఒకటో తేదీని మాత్రం నువ్వే వెనక్కి తీసుకోవాలి, అందులో నేను చేయగలిగిన సాయమేమీ లేదు.

ఇట్లు,
నీ మిత్రుడు