జొన్న లేని చేనిలో వేళ అమావాస్య

సంపాదకులకు నమస్కారం.

మార్గశిర బహుళ అమావాస్యనాడు, అంటే డిసెంబరు చివరనో జనవరి మొదట్లోనో, మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దున ఉన్న మా దెగ్లూరు వైపు ఊళ్లన్నీ బోసిపోతాయి. ఇళ్లకు తాళాలు వేసి, వండిన గిన్నెలు తట్టల్లో సర్దుకొని, పిల్లాజెల్లా అందరూ పొద్దున్నే చేలకు తరలిపోతారు. మరాఠీలో వేళ అమావాస్య అనీ, వాడుకలో యేళవస అనీ పిలిచే ఈ పండుగను ఇక్కడి తెలుగు కుటుంబాలు కూడా తరతరాలుగా చేస్తున్నాయి. 1956లో హైదరాబాద్ రాష్ట్రం విడిపోయి మా ఊరు బొంబాయి రాష్ట్రంలో కలిసిన తరువాత ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ అయ్యాయి గాని, చేనిలో మాత్రం ముందునుంచీ రెండూ ఉన్నాయి. ఆ చేనిలో ఇప్పుడు కనబడకుండా పోతున్న జొన్నపంట గురించి మీ పాఠకులతో చెప్పుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ రోజు చేనిమధ్య జొన్నచొప్ప కట్టలను నిలబెట్టి, పైన కలిపి కట్టి, మనిషి వంగి దూరేటంత గుడిసె వేస్తారు. లోపల అయిదు రాళ్లకు సున్నం పూసి పాండవులని నిలుపుతారు, లక్ష్మిని పూజిస్తారు. జొన్నరొట్టెలు, సజ్జపిండి ముద్దలు, లేత శనగాకు, కందికాయల గింజలు, చిక్కుడు, పల్లీలు అన్నీ శనగపిండితో కలిపి ఉడికించిన భజ్జీ నైవేద్యం పెడతారు. పెట్టాక ఇంటి పెద్ద మట్టికుండలోని అంబలిని చేను చుట్టూ చల్లుకుంటూ నడుస్తాడు. కంకి పట్టబోయే నేల నిండు చూలాలితో సమానమనీ, ఆమె కోరికలు తీర్చాలనీ మా అమ్మ చెప్పేది. నల్లరేగడి మీద మంచు ఇంకా ఆరకముందే, ఎండకు విచ్చిన పగుళ్లలోకి మజ్జిగ కలిసిన ఆ తెల్లటి అంబలి సన్నటి ధారగా దిగిపోవడం చూస్తూ పెరిగినవాణ్ణి నేను. నేల తాగుతున్నదని అమ్మ అంటే నిజంగానే తాగుతున్నదని నమ్మేవాణ్ణి, ఇప్పటికీ నమ్ముతాను.

కిందటి పండుగకు మా చేనిలో గుడిసె వేయడానికి చొప్ప లేదు. మా ఊళ్లో ఎవరి దగ్గరా దొరకలేదు. చివరికి నాలుగు వెదురుకర్రలు పాతి, కూరగాయల నారుమడికి కప్పే ఆకుపచ్చ వలను పైన కట్టి, దాని కింద అయిదు రాళ్లు పెట్టాము. అంబలికి జొన్నపిండి కిరాణా కొట్లో కొన్నాము. పూజ సక్రమంగానే జరిగింది గాని, పక్కచేనిలో పండిన జొన్నతో పెట్టవలసిన నైవేద్యాన్ని పొట్లంలోంచి పోసి పెట్టినందుకు నా మనసు ఆ రోజంతా కుదుటపడలేదు.

తప్పు ఎవరిదో వెతకవలసిన విషయం కాదు ఇది. మా వైపు లోతైన నల్లరేగడిని పూర్వం వానకాలమంతా విత్తకుండా దున్ని ఉంచేవారు. మృగశిర నుంచి పుబ్బ దాకా కురిసిన వానంతా ఆ నేల తనలో దాచుకుంటే, ఉత్తర కార్తెలోనో హస్తలోనో యాసంగి జొన్న విత్తేవారు. ఆ దాచుకున్న తేమతోనే, మంచుతోనే పైరు కంకి పట్టేది. సోయాచిక్కుడు వచ్చాక వానకాలంలోనే చేతికి డబ్బు వస్తున్నది, యంత్రంతో కోత అయిపోతున్నది, అది కోసేసరికి జొన్న విత్తే అదను దాటిపోతున్నది. అందుకే సోయా తరువాత శనగ వేస్తున్నాము, నేను కూడా పదేళ్లుగా అదే వేస్తున్నాను. జొన్న కోయడానికి కూలీలు దొరకరు, పిట్టలను తోలడానికి ఇంట్లో పిల్లలు లేరు, అడవిపందులు సరేసరి. 2024–25లో సోయాకు ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 4892 రూపాయలైతే హైబ్రిడ్ జొన్నకు 3371 మాత్రమే. అయితే సోయా పొట్టు ఎద్దుకు చొప్పలా కడుపు నింపదు. చొప్ప పోయినకొద్దీ కొట్టాల్లో ఎడ్లు తగ్గాయి, శ్రావణ అమావాస్యనాటి పోళా పండుగకు కొమ్ములకు రంగు పూయడానికి జత ఎడ్లను వాడకట్టు మొత్తం కలిసి వెతుక్కునే స్థితి వచ్చింది.

మా అమ్మాయి కెనడాలో సాస్కాచువాన్ రాష్ట్రంలో ఉంటుంది. కనుచూపు మేర గోధుమ, ఆవాల జాతికి చెందిన కనోలా, మసూరు తప్ప మరేమీ కనబడని గడ్డిమైదానాల దేశమది (మా మోండా మార్కెట్లో అమ్మే మసూరులో కొంత అక్కడినుంచి వచ్చినదే). చలికాలంలో సున్నాకు ముప్పై డిగ్రీల కిందికి దిగిపోతుంది కాబట్టి ఏడాదికి ఒక్కటే పంట, మే నెలలో విత్తి ఆగస్టు, సెప్టెంబరుల్లో కోస్తారు. వేల ఎకరాలు యంత్రాలే కోసినా, అక్టోబరు రెండో సోమవారం వచ్చే కృతజ్ఞతా పండుగకు చర్చిలో బలిపీఠం ముందు గోధుమ పన కట్టి నిలబెడతారని, గుమ్మడికాయలు పెడతారని అమ్మాయి చెప్పింది. అంత దూరంలో, అంత వేరైన ఋతువుల్లో బతికేవారికి కూడా దేవుడి ముందుకు పంటను పంటగానే తీసుకుపోవాలని తోచిందని విన్నప్పుడు, మా చేనిలోని ఆకుపచ్చ వల నాకు మరింత కొరతగా కనబడింది.

సోయా మానేయమని నేను ఎవరినీ అడగను, అప్పులున్న రైతును అలా అడిగే హక్కు నాకు లేదు. నేను అడిగేది ఆరు సాళ్ల జొన్న. గట్టువెంట ఆరు సాళ్లు వానకాలంలో ఖాళీగా ఉంచి, హస్త దాటకుండా మాల్దండి రకం జొన్న గాని, పర్భణీ వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి పర్భణీ మోతీ రకం గాని విత్తితే, గుడిసెకు చొప్ప, అంబలికి పిండి, ఉన్న ఒక్క ఆవుకు కొన్నాళ్ల మేత దక్కుతాయి. ఆరు సాళ్లకు పెద్ద సంచి విత్తనం అవసరం లేదు కనుక, అరకిలో, కిలో పొట్లాల్లో కూడా విత్తనం అందేలా తాలూకా వ్యవసాయ అధికారులు చూడాలని కోరుతున్నాను. మీ పత్రిక భాద్రపదంలోనే, అంటే విత్తే అదనుకు ముందే, ఈ పండుగ గురించీ ఈ పంట గురించీ సరిహద్దు పేజీలో రాయాలని నా మనవి. పండుగరోజు ఫొటో వేస్తే సంతోషమే గాని, అప్పటికి విత్తే సమయం మూడు నెలల వెనుకబడిపోతుంది.

పక్క ఊళ్లో జొన్న మానని ఒక ముసలి రైతు దగ్గర ఈసారి నాలుగు కిలోల మాల్దండి తెచ్చి, వేపాకు కలిపి కుండలో పోసి ఉంచాను. నాకు ఒక కిలో చాలు.

ఇట్లు,
ఒక రైతు,
దెగ్లూరు తాలూకా, నాందేడ్ జిల్లా, మహారాష్ట్ర