ప్రధాన సంఖ్య అని ఎలా తేల్చారో కూడా రాయండి

ఎడిటర్ గారికి,

పెద్ద ప్రధాన సంఖ్య ఏదైనా కొత్తగా దొరికితే పేపర్లలో వచ్చే వార్త ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. ఇన్ని కోట్ల అంకెలు, అచ్చు వేస్తే ఇన్ని పుస్తకాలు, అక్కడితో సరి. 2024 అక్టోబరులో ల్యూక్ డ్యూరంట్ కనిపెట్టిన సంఖ్య విషయంలోనూ అంతే జరిగింది. 13,62,79,841 రెళ్లను గుణించి ఒకటి తీసేస్తే వచ్చే ఆ సంఖ్యలో 4,10,24,320 అంకెలున్న మాట నిజమే. కానీ చదివేవాళ్లకు వచ్చే అసలు డౌటు వేరే ఉంటుంది కదా, అంత పెద్ద సంఖ్యను 1, అదే సంఖ్య తప్ప ఇంకేదీ నిశ్శేషంగా భాగించదని ఎలా తేల్చారు? 3తో, 5తో, 7తో అలా భాగించుకుంటూ పోతే ఎన్ని కంప్యూటర్లు పెట్టినా తెమిలే పని కాదు.

దానికి లూకాస్-లెహ్మర్ పరీక్ష అని ఒకటుంది, బడి పిల్లలు కూడా చిన్న సంఖ్య మీద చేసి చూడొచ్చు. 31 తీసుకోండి, అంటే ఐదు రెళ్లను గుణించి ఒకటి తీసేసింది. 4తో మొదలుపెట్టి, ప్రతిసారీ వర్గం చేసి 2 తీసేసి, 31తో భాగించి శేషం మాత్రం ఉంచుకోవాలి. మొదట 14. తర్వాత 194, దాని శేషం 8. 8 వర్గం 64, రెండు పోతే 62, శేషం సున్నా! ఘాతం 5 కాబట్టి రెండు తగ్గించి మూడుసార్లు చేశాం, చివర సున్నా వచ్చింది, కాబట్టి 31 ప్రధాన సంఖ్యే. అదే 2047 మీద (పదకొండు రెళ్లు, మైనస్ 1) తొమ్మిదిసార్లు చేస్తే చివరికి 1736 మిగులుతుంది, అంటే అది ప్రధాన సంఖ్య కాదు. నిజంగానే అది 23, 89ల లబ్ధం, కానీ ఆ రెండూ ఏవో ఈ పరీక్ష చెప్పదు.

నాకు బాగా నచ్చేది ఇదే. 67 రెళ్ల లబ్ధంలోంచి ఒకటి తీసేసిన సంఖ్య ప్రధాన సంఖ్య కాదని లూకాస్ 1876లోనే తేల్చాడు, కారణాంకాలు మాత్రం 1903లో కోల్ అనే ఆయన చెప్పేదాకా తెలియలేదు. అవి 193707721, 761838257287. కాగితం మీద గుణించి చూసుకోవచ్చు.

ఇంకో మాట. హెడ్డింగులో "అతి పెద్ద ప్రధాన సంఖ్య" అని వేయకండి, అలాంటిది ఉండదని యూక్లిడ్ ఎప్పుడో నిరూపించాడు, ఇది ఇప్పటిదాకా దొరికిన వాటిలో పెద్దది, అంతే. ఆన్‌లైన్ బ్యాంకింగ్ సెక్యూరిటీకి పనికొస్తుందని రాయడం కూడా సరికాదు. ఆన్‌లైన్‌లో సమాచారాన్ని గుప్తంగా ఉంచే ఆర్‌ఎస్‌ఏ అనే పద్ధతిలో 2048 బిట్ల తాళానికి వాడేవి మూడు వందల పైచిలుకు అంకెలున్న రెండు ప్రధాన సంఖ్యలు, అవీ రహస్యంగా ఉండాలి, లోకమంతా తెలిసిన సంఖ్య అక్కడ ఎందుకు పనికొస్తుంది?

ఈసారి ఇలాంటి వార్త వేసినప్పుడు పక్కన చిన్న బాక్సు కట్టి ఆ 31 లెక్క వేయండి. నాలుగు లైన్లు చాలు.

- మీ పాఠకుడు