ప్రమాదకర సరుకుల బండ్లను ఇకపై ఎలా లాగుతామో మా కస్టమర్లకు ఒక వివరణ

అనకాపల్లి, ఎలమంచిలి, నక్కపల్లి, తుని మీదుగా వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారిపై మా క్రేన్లను పిలిపించుకునే లారీ యజమానులకు, ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల వారికి, పరవాడ, అచ్యుతాపురం కర్మాగారాల రవాణా విభాగాల వారికి నమస్కారం. పెట్రోలు, గ్యాసు, సాల్వెంట్లు, ఆమ్లాలు మోసే బండ్లు దారిలో ఆగిపోయినా, బోల్తా పడినా వాటిని లాగే విషయంలో మా పద్ధతిని మార్చుకున్నాం. ఈ మార్పు వల్ల మీ బండి ఇదివరకటి కంటే ఎక్కువసేపు రోడ్డు మీద నిలవవలసి వస్తుంది, కొన్నిసార్లు బిల్లు కూడా పెరుగుతుంది. బండి ఆగిపోయి మీరు కంగారులో ఉన్నప్పుడు ఫోన్లో ఇవన్నీ చెప్పడం కుదరదు కనుక కారణాలతో సహా ముందుగానే రాస్తున్నాను.

మొదట ఖాళీ ట్యాంకర్ల సంగతి చెప్పాలి, ఎందుకంటే మీకూ మాకూ మాటామాటా వచ్చేది ఎక్కువగా అక్కడే. సరుకు దించేశాం, బండి ఖాళీదే, తగిలించుకుని తెచ్చేయండి అని చాలామంది అంటారు. నిజానికి సరుకు దించేసిన పెట్రోలు ట్యాంకరు దగ్గర మేము మరింత జాగ్రత్తగా ఉండాలి. గాలిలో పెట్రోలు ఆవిరి నూటికి సుమారు 1.4 నుంచి 7.6 వంతుల మధ్య ఉన్నప్పుడు అంటుకుంటుంది. నిండు ట్యాంకులో ద్రవం పైన మిగిలే కొద్దిపాటి జాగాలో ఆవిరి సాధారణంగా ఈ హద్దును మించి చిక్కగా ఉంటుంది. సరుకు దించాక బయటి గాలి లోపలికి చేరుతుంది, అడుగున మిగిలిన తడి ఆవిరవుతూ ఉంటుంది, ఆ రెండూ కలిసి ట్యాంకులో ఏదో ఒక మూల సరిగ్గా అంటుకునే పాళ్లకు వస్తాయి. అందువల్ల ట్యాంకును కడిగించి, ఆవిరి పూర్తిగా పోయిందని పరీక్షించి ఇచ్చిన గ్యాస్‌ఫ్రీ సర్టిఫికెట్ చూపిస్తే తప్ప, ఖాళీ ట్యాంకరును నిండు ట్యాంకరుగానే లెక్కగడతాం. ప్రమాదంలో వంగిపోయిన మడ్‌గార్డు టైరుకు ఒరుసుకుంటుంటే రోడ్డు పక్కనే గ్యాస్ కట్టరుతో కోసేయడం మన దగ్గర మామూలు పని. ట్యాంకర్ల విషయంలో మా కుర్రాళ్లు ఇకపై కట్టరు గానీ, గ్రైండరు గానీ బయటకు తీయరు. చేతితో కొట్టే హైడ్రాలిక్ జాకీతోనే ఆ రేకును వెనక్కి నెడతారు. దానికి పట్టే సమయాన్ని మీరు భరించాలి.

మీరు ఫోన్ చేసిన వెంటనే మేము అడిగే మొదటి ప్రశ్న బండి ఎక్కడుందని కాదు, బండిలో ఏముందని. కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989 ప్రకారం ఇలాంటి బండి మీద అత్యవసర సమాచార పలక ఉండాలి. దాని మీద సరుకు సాంకేతిక నామం, యూఎన్ నంబరు (ప్రమాదకర సరుకులకు ఐక్యరాజ్యసమితి ఇచ్చిన నాలుగంకెల గుర్తింపు సంఖ్య), ప్రమాద తరగతి గుర్తు, ఆపదలో పిలవాల్సిన ఫోన్ నంబర్లు దూరం నుంచి కనిపించేంత పెద్ద అక్షరాల్లో ఉండాలి. డ్రైవరు దగ్గర క్యాబిన్లో ట్రెమ్ కార్డు, అంటే ఆ సరుకుతో ఆపద వస్తే ఏం చేయాలో రాసి ఉండే కార్డు, ఉండాలి. యూఎన్ నంబరు 1203 అని చెబితే పెట్రోలు అని, 1075 అంటే ఎల్పీజీ అని, 1230 అంటే మిథనాల్ అని, 1830 అంటే సల్ఫ్యూరిక్ ఆమ్లం అని, 1005 అంటే అమ్మోనియా అని మాకు తెలుస్తుంది. ఏ క్రేను పంపాలో, గాలికి ఏ వైపున ఆపాలో, ఏ తొడుగులు, మాస్కులు వెంట తేవాలో ఆ నంబరును బట్టే నిర్ణయిస్తాం. మిథనాల్ మంట పట్టపగలు కంటికి దాదాపు కనిపించదు. సల్ఫ్యూరిక్ ఆమ్లం మీద నీళ్లు పోస్తే అది విపరీతంగా వేడెక్కి చిమ్ముతుంది. ఎల్పీజీ గాలి కంటే బరువైనది కనుక పైకి పోకుండా రోడ్డు పక్క కాలువల్లోకి, పల్లంలోకి పాకుతుంది. ఆ గ్యాసు పరుచుకున్న చోటికి మా క్రేను వెళితే డీజిల్ ఇంజను గాలితో పాటు దాన్ని కూడా పీల్చుకుని, తాళంచెవి తీసేసినా ఆగకుండా వేగం పెంచుకుంటూ పోగలదు. అందువల్ల గ్యాసు లీకవుతున్న చోట అగ్నిమాపక సిబ్బంది డిటెక్టరుతో కొలిచి సరేనన్నాకే మా ఇంజను ముందుకు కదులుతుంది. ఇంకో మాట: లీకు ఉన్నప్పుడు ఆ పలక ఫోటో కోసం డ్రైవరును దయచేసి బండి దగ్గరికి మళ్లీ పంపకండి. లోడు ఎత్తిన కర్మాగారానికి ఫోన్ చేసి అడిగినా ఆ నంబరు చెబుతారు.

బోల్తా పడిన బండి విషయంలో మా నియమం ఇంకా గట్టిది. 2025 జనవరి 3న తెల్లవారుజామున కోయంబత్తూరులోని అవినాశి రోడ్డు ఫ్లైఓవరు మీద 18 టన్నుల ఎల్పీజీ ఉన్న బుల్లెట్ ట్యాంకరు లాగే ట్రక్కు నుంచి ఊడి బోల్తా పడింది. గ్యాసు లీకు కావడంతో చుట్టుపక్కల పాఠశాలలకు సెలవు ఇచ్చి, జనాన్ని దూరం పెట్టి, నీళ్లు చిమ్ముతూ ముందు లీకును ఆపారు. క్రేన్లతో ట్యాంకును లేపడం ఆ తర్వాతే జరిగింది, అదృష్టవశాత్తూ ప్రాణనష్టం లేదు. దానికి రెండు వారాల ముందు, 2024 డిసెంబరు 20న, జైపూర్-అజ్మీర్ రహదారిపై ఒక ఎల్పీజీ ట్యాంకరును లారీ ఢీకొన్నప్పుడు అలా ఆగి ఆలోచించే వ్యవధి ఎవరికీ దొరకలేదు. విడుదలైన గ్యాసు నిమిషాల్లో అంటుకుని చుట్టూ ఉన్న బస్సులను, లారీలను చుట్టేసింది. వ్యవధి దొరికిన చోట దాన్ని వృథా చేయకూడదన్నదే నా పట్టుదల.

ఎల్పీజీ ట్యాంకు నిలువుగా ఉన్నప్పుడు పైనున్న సేఫ్టీ వాల్వు లోపలి ఆవిరిని తాకుతూ ఉంటుంది, ఒత్తిడి పెరిగితే ఆవిరినే వదులుతుంది. బండి ఒరిగినప్పుడు అదే వాల్వు ద్రవంలో మునుగుతుంది, అప్పుడు తెరుచుకుంటే ద్రవమే బయటకు దూకుతుంది. ఒక లీటరు ద్రవం సుమారు 250 లీటర్ల గ్యాసు అవుతుంది. కనుక ఏ వాల్వు ఎటు తిరిగి ఉందో, లోపల ఒత్తిడి ఎంతుందో ఆ కంపెనీ నిపుణుడు వచ్చి చూడకముందు మేము బెల్టు తగిలించం. పెట్రోలు, సాల్వెంట్ల ట్యాంకర్లయితే సరుకును వేరే బండిలోకి మార్చిన తర్వాతే లేపుతాం, ఎందుకంటే ఆ రేకు నిండు బరువుతో పక్కకు ఎత్తడానికి చేసినది కాదు. సరుకు మార్చేటప్పుడు నిప్పురవ్వ పుట్టకుండా రెండు బండ్లనూ తీగతో కలిపి ఎర్తింగ్ చేయాలి, రెండు బ్యాటరీలూ కట్ చేయాలి. ఒరిగిన ట్యాంకును గొలుసుతో రోడ్డు మీద ఈడ్చే పని మాత్రం ఎవరు చెప్పినా చేయం. ట్రాఫిక్ మైళ్ల కొద్దీ ఆగిపోయిందని, త్వరగా పక్కకు నెట్టమని అక్కడ అందరూ ఒత్తిడి చేస్తారు. ఆ ఒత్తిడిని మేము తట్టుకోగలం, కానీ అదే సమయంలో మీ ఆఫీసు నుంచి కూడా అదే మాట వస్తే మా కుర్రాళ్లు నలిగిపోతారు.

కారిన పెట్రోలు పట్టుకోవడానికి జనం బిందెలతో చేరితే, పోలీసులు వారిని పంపించేదాకా పని మొదలుపెట్టం. 2017 జూన్‌లో పాకిస్తాన్‌లోని బహావల్‌పూర్ దగ్గర అలా చేరిన జనంలో రెండు వందల మందికి పైగా కాలిపోయారు.

ఇంజను పాడై ఆగిన బండ్లను లాగడం తేలికే, అయినా కొన్ని మార్పులున్నాయి. తాడుతో గానీ గొలుసుతో గానీ లాగం, గట్టి టోబారు (రెండు బండ్లను కలిపే ఇనుప కడ్డీ) మాత్రమే వాడతాం. బ్రేకు గొట్టాల్లో గాలి పోయి బ్రేకులు పట్టేసిన బండికి, బ్రేకును పట్టి ఉంచే స్ప్రింగు బోల్టు తిప్పి బ్రేకు వదిలించి లాగడం అలవాటుగా సాగుతోంది. అలా చేస్తే వెనక బండికి బ్రేకే ఉండదు, సగం నిండిన ట్యాంకులో ద్రవం అల అంతా ముందు బండి మీదికే తోసుకొస్తుంది. మేము క్రేను నుంచి గాలి గొట్టం కలిపి వెనక బండి బ్రేకులను పనిచేయించుకుంటూ, గంటకు 25 కిలోమీటర్లు దాటకుండా తీసుకెళ్తాం. గేర్‌బాక్సు నుంచి వెనక చక్రాలను తిప్పే ప్రొపెల్లర్ షాఫ్టు విప్పకుండా కదిలించం. దారి మధ్యలో ఆగి చక్రాల హబ్బులను చేతితో తాకి చూస్తాం, పట్టేసిన బ్రేకు వల్ల వేడెక్కిన టైరు తర్వాతెప్పుడో అంటుకోవచ్చు కనుక. బండిని మా షెడ్డుకు గానీ, ఊళ్లోని మెకానిక్కు దగ్గరికి గానీ తీసుకురాం. లోడు ఎత్తిన చోటికో, దించాల్సిన చోటికో, మీ కంపెనీ రాతపూర్వకంగా చెప్పిన ఖాళీ స్థలానికో మాత్రమే చేరుస్తాం.

డ్రైవరు గురించి ఒక మనవి. జనం కొడతారన్న భయంతో డ్రైవర్లు బండి వదిలి వెళ్లిపోతున్నారు, ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఆ బండిలో ఏ వాల్వు ఎక్కడుందో అక్కడున్న వారిలో తెలిసినవాడు అతనొక్కడే. దగ్గరి పోలీసు స్టేషనుకు వెంటనే తెలపడం నియమాల ప్రకారం కూడా అతని బాధ్యత కనుక, స్టేషనుకు వెళ్లి అక్కడే ఉండమని, ఫోన్ ఆపవద్దని ముందే చెప్పి ఉంచండి. లీకు ఉంటే మాకంటే ముందు 112కు ఫోన్ చేయమనండి, వంటగ్యాసు బండి అయితే 1906కు కూడా.

ఇక డబ్బు సంగతి. నిపుణుడి కోసం, అగ్నిమాపక శాఖ అనుమతి కోసం మా క్రేను ఎదురుచూసే సమయానికి గంటల లెక్కన మామూలు రేటులో సగం వేస్తాం. సరుకు వివరాలు, ట్రెమ్ కార్డు ప్రతి మా దగ్గర ముందే ఉన్న కంపెనీలకు మొదటి రెండు గంటలూ వేయం. సరుకేమిటో దాచి పిలిపించిన చోట పని చేయకుండా తిరిగి వస్తాం, రాకపోకల ఖర్చు మాత్రం తీసుకుంటాం. ఇంతకంటే తక్కువకు, ఏమీ అడగకుండా లాగే క్రేన్లు ఈ రహదారి మీద ఉన్నాయి, కొందరు అటు వెళ్తారని తెలిసే ఈ నిర్ణయం తీసుకున్నాను.

క్లోరిన్ టన్నర్లు (సుమారు టన్ను గ్యాసు పట్టే పెద్ద సిలిండర్లు), పేలుడు పదార్థాల బండ్లు మేము ముట్టుకోం, వాటికి కావలసిన శ్వాస పరికరాలు గానీ శిక్షణ గానీ మాకు లేవు. వాటికి సరుకు పంపిన కంపెనీ అత్యవసర బృందాన్నే పిలవండి. మిగిలిన సరుకుల విషయంలో, మీరు తరచుగా పంపే ప్రతి సరుకుకూ ట్రెమ్ కార్డు ప్రతిని, అర్ధరాత్రి కూడా ఫోన్ ఎత్తే ఒక బాధ్యుడి నంబరును ఈ నెలాఖరులోగా మా ఆఫీసుకు పంపితే మా డ్రైవర్లందరి దగ్గరా ఉంచుతాను.