శ్లాబు రిపేరా, కొత్తదా?

చిరంజీవి కిరణ్‌కి అమ్మ ఆశీస్సులు.

వంటింట్లో శ్లాబు పెచ్చు ఊడిన చోటువి నువ్వు పంపిన ఫొటోలూ, రెండు ఎస్టిమేట్లూ చూశాను. పెచ్చులు కొట్టేసి ప్లాస్టరింగు చేసి పైన వాటర్ ప్రూఫింగు వేస్తే చాలంటాడు మేస్త్రీ. మొత్తం పగలగొట్టి కొత్త శ్లాబు వేయాల్సిందేనంటాడు కాంట్రాక్టరు. ఎవరి మాట సరైనదో ఫొటోలు చూసి నేనూ చెప్పలేను. శ్లాబు మీద ఒక్క సుత్తి దెబ్బయినా కొట్టకుండా లెక్క రాసిచ్చిన వాళ్లకూ తెలియదు. ముందు తేలాల్సింది ఒకటే నాన్నా: లోపలి ఇనుము తుప్పు పట్టింది పైనుంచి దిగిన వాన నీటి వల్లా, కాంక్రీటులో ఉన్న ఉప్పు వల్లా? నీటి వల్లయితే రిపేరు నిలబడుతుంది. ఉప్పు వల్లయితే ఈ ఏడు పూడ్చిన చోటు పక్కనే మూడో ఏడు మళ్లీ ఊడుతుంది.

కాకినాడలో, సముద్రపు గాలి తగిలే వీధిలో, ముప్పై ఐదేళ్ల కిందటి ఇల్లు అది. అప్పట్లో ఇళ్లకు చాలావరకు సిమెంటు, ఇసుక, కంకర 1:2:4 పాళ్లే, అంటే ఇప్పటి లెక్కలో ఎం15 అనే తక్కువ బలం రకం. ఊచల కింద కవరు, అంటే ఇనుమును కప్పే కాంక్రీటు మందం, చాలాచోట్ల అర అంగుళం కూడా ఉండదు. దానికి తోడు ఉప్పు బోరు నీళ్లతో కాంక్రీటు కలిపారేమోనన్నది నా అనుమానం. ఆర్సీసీకి (ఇనుము వేసిన కాంక్రీటుకు) వాడే నీటిలో క్లోరైడు, అంటే ఉప్పులో ఇనుమును తినే భాగం, లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదని కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది. తీరం పక్క బోర్లు చాలావాటిలో అంతకంటే ఎక్కువే ఉంటుంది.

పరీక్ష పెద్ద ఖర్చు కాదు. అరకేజీ సుత్తితో శ్లాబు అడుగు భాగమంతా అడుగుకొక దెబ్బ చొప్పున కొట్టించు. గట్టి చోట ఖంగుమంటుంది, లోపల విడిపోయిన చోట డబడబమని బోలు శబ్దం వస్తుంది. బోలు పలికిన చోటల్లా సుద్దముక్కతో గీత గీయించి, గది గదికీ ఎంత భాగమో లెక్కేయి. మరకలు కూడా చూడు. వరసగా, సమాన దూరంలో గోధుమరంగు చారలు ఉంటే అవి ఊచల వెంట వచ్చిన తుప్పు. ఒక మూల గుండ్రంగా చెమ్మ, చుట్టూ తెల్లటి ఉప్పులాంటి పొర ఉంటే అది నీటి కారుడు. ఆ తెల్లటిది ఉప్పు కాదు, కాంక్రీటులోంచి నీటితో దిగిన సున్నం. దాన్ని చూసి కంగారు పడకు.

తర్వాత పెచ్చు ఊడని గట్టి చోటొకటి, ఊడిన చోటొకటి తీసుకుని ఊచ కనిపించేదాకా ఉలితో కొట్టించు. దుమ్ము ఊదేసి, పగిలిన తాజా ముఖం మీద ఫినాల్ఫ్తలీన్ ద్రావణం చల్లు. స్కూళ్లకు ల్యాబు సామాను అమ్మే షాపుల్లో చిన్న సీసా దొరుకుతుంది. కాంక్రీటు గులాబీ రంగుకు మారితే క్షారగుణం మిగిలే ఉంది, ఊచకు రక్షణ ఉన్నట్టే. రంగు మారకపోతే గాలిలోని కార్బన్ డయాక్సైడు అంతదాకా చేరి ఆ గుణాన్ని చంపేసింది. ఇక్కడే అసలు కిటుకు. ఊచ చుట్టూ గులాబీ రంగు వచ్చినా ఊచ మాత్రం తుప్పు పట్టి ఉంటే ఆ తుప్పు ఉప్పు పని. ఎందుకంటే క్షారం ఉన్న కాంక్రీటులో మామూలు చెమ్మకు ఇనుము తుప్పు పట్టదు.

ఆ అనుమానం బలపడితే డ్రిల్లు పొడి తీయించు. శ్లాబు అడుగు నుంచి 0–1, 1–2, 2–3 సెంటీమీటర్ల లోతుల్లో వేర్వేరుగా పొడి పట్టి, నాలుగైదు రంధ్రాల్లో ఒకే లోతు పొడిని కలిపి, ఏదైనా ఇంజినీరింగ్ కాలేజీ సివిల్ ల్యాబులో క్లోరైడు పరీక్షకు ఇవ్వు. బయట ఎక్కువై లోపలికి పోయేకొద్దీ తగ్గితే అది గాలి మోసుకొచ్చిన ఉప్పు. అన్ని లోతుల్లోనూ ఒకేలా ఎక్కువగా ఉంటే కాంక్రీటు కలిపిన రోజే పడిన ఉప్పు. ఘనమీటరు కాంక్రీటులో క్లోరైడు 0.6 కిలోలు మించకూడదన్నది ఐఎస్ 456 హద్దు.

ఇంకొకటి, శుభ్రం చేసిన ఊచను వెర్నియర్ కాలిపర్‌తో కొలిపించు. 8 మి.మీ. ఊచ 7కి దిగితే చూడ్డానికి పెద్ద తేడా కనిపించదు కానీ అడ్డకోత వైశాల్యంలో 23 శాతం పోయినట్టే.

నా తీర్పు ఇదీ. బోలు పలికిన భాగం మొత్తంలో పదో వంతు లోపు ఉండి, ఊచలు చాలావరకు నాలుగో వంతుకు మించి తినకపోతే రిపేరు. బోలు భాగం మూడో వంతు దాటినా, అన్ని లోతుల్లో ఉప్పు తేలినా కొత్త శ్లాబు. మధ్యలో ఉంటే స్ట్రక్చరల్ ఇంజినీరును ఇంటికి పిలిపించు. ఫోన్లో అడిగితే ఎవరైనా అందాజు మాటే చెబుతారు.

రిపేరు తేలితే మేస్త్రీ రాసిచ్చిన పద్ధతి మాత్రం ఒప్పుకోకు. పెచ్చు రాలిన చోట సిమెంటు మెత్తితే వానాకాలం గడవకుండానే మళ్లీ రాలుతుంది, ఎందుకంటే తుప్పు లోపలే ఉంది. ఇనుము తుప్పుగా మారితే రెండు నుంచి ఆరింతలు ఉబ్బుతుంది. ఆ ఉబ్బు ముందు ఏ ప్లాస్టరూ ఆగదు. ముందు కింద జాకీలో, సరుగుడు బాదులో మూడడుగులకొకటి నిలబెట్టాలి. ఊచ వెనక వేలు దూరేలా, కనీసం 20 మి.మీ., కాంక్రీటు తవ్వాలి. ఈ ఒక్క పని చేయించడానికే నువ్వు దగ్గర నిలబడాలి, కష్టమని సగంలో వదిలేసేది ఇదే. ఊచను వైరు బ్రష్షుతో మెరిసేదాకా రుద్ది, అదే రోజు జింకు ప్రైమరు వేయించు. ఒకటీ అరా ఊచ నాలుగో వంతుకు మించి తిని ఉంటే దాని పక్కన కొత్త ఊచ కలపాలి. 8 మి.మీ. ఊచకు అటూ ఇటూ 400 మి.మీ. ల్యాప్, అంటే పాత ఊచతో కలిసి సాగే పొడవు, ఉండాలి. పాత కాంక్రీటును నీళ్లతో నానబెట్టి, ఉపరితలం మీద నీరు లేకుండా ఆరాక, ఎస్‌బీఆర్ లేటెక్సు (పాలలాంటి రబ్బరు ద్రవం), సిమెంటు కలిపిన స్లర్రీ పూయాలి. అది పచ్చిగా ఉండగానే ఆ లేటెక్సే కలిపిన పాలిమర్ మోర్టారు మెత్తాలి. ఒక్కో పొర 10–15 మి.మీ. దాటితే సొంత బరువుకే జారుతుంది. మోర్టారుకు 50 కిలోల సిమెంటు, 150 కిలోల కడిగిన ఇసుక, 10 కిలోల లేటెక్సు సుమారు పాళ్లు. డబ్బా మీద వేరే లెక్క ఉంటే అదే పాటించు. స్లర్రీ ఆరిపోయాక మోర్టారు వేస్తే, లేటెక్సు జిగురులా పట్టాల్సింది పోయి మధ్యలో తెరలా నిలిచి పొరను విడదీస్తుంది.

పైన పని వేరే. పాత సుర్ఖీ (డాబా మీద వేసే సున్నం, ఇటుక ముక్కల పొర) మీద ఇంకో సుర్ఖీ వేయనివ్వకు. మూడంగుళాల సుర్ఖీ చదరపు మీటరుకు సుమారు 140 కిలోల బరువు. డాబా మీద మనుషులు తిరగడానికి డిజైనులో ఇచ్చే బరువే 150 కిలోలు. పాతది తీసేసి, నూటికి ఒకటి వాలుతో కొత్తది వేయించు. పిట్టగోడ కలిసే మూలంతా గోలా తిప్పాలి, అంటే సిమెంటుతో గుండ్రంగా పూడ్చాలి. వాన నీరు కిందికి దిగే గొట్టం చుట్టూ పగలగొట్టి గ్రౌటుతో మళ్లీ బిగించాలి, కారేది ఎక్కువ అక్కడే. 4 అంగుళాల గొట్టం ఒకటి 40 చదరపు మీటర్లకు సరిపోతుంది. మీ డాబాకు ఒకటే ఉన్నట్టుంది, రెండోది పెట్టించు. చివరగా 24 గంటలు రెండంగుళాల నీళ్లు కట్టి చూడండి, కానీ కింద రిపేరు పూర్తయ్యాకే. ఆ నీరు చదరపు మీటరుకు 50 కిలోలు.

కొత్త శ్లాబే అయితే ముందు గోడలు చూడాలి. మట్టి అడుసుతో కట్టిన గోడలైతే లెక్క పూర్తిగా మారుతుంది. తీర ప్రాంతాన్ని ఐఎస్ 456 తీవ్ర వాతావరణంగా లెక్కగట్టి ఎం30 కాంక్రీటు, ఘనమీటరుకు కనీసం 320 కిలోల సిమెంటు, 0.45 మించని నీరు-సిమెంటు నిష్పత్తి, 45 మి.మీ. కవరు అడుగుతుంది. అంత కవరు ఇస్తే 4 అంగుళాల శ్లాబు చాలదు. 5 అంగుళాలైతే వెయ్యి చదరపు అడుగులకు దాదాపు 12 ఘనమీటర్ల కాంక్రీటు, టన్ను వరకు ఇనుము పడుతుంది. మందం, ఇనుము ఖరారు చేయాల్సింది మాత్రం ఇంజినీరే. నీళ్లు మున్సిపల్ ట్యాంకరువే వాడండి, బోరువి వద్దు. కనీసం 10 రోజులు నీళ్లు కట్టి ఉంచండి. పగలగొట్టేటప్పుడు శిథిలాలను శ్లాబు మీద కుప్పపోయనివ్వకు.

వంటిల్లు ఒక్కటే మార్చి మిగతాది ఉంచుదామన్న మీ ఆవిడ ఆలోచన చెడ్డది కాదు. కానీ గోడ మీదుగా అవతలి గదిలోకి సాగే ఊచలు గట్టిగా ఉంటేనే. కొత్త ఊచలను ల్యాప్ చేయడానికి వాటిని 400 మి.మీ. మిగల్చాలి. అవే తినేసి ఉంటే కొత్త శ్లాబు పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

డాబా మీద రేకుల షెడ్డు వేస్తే సరిపోతుందని ఎవరైనా అంటే విని ఊరుకో. వాన ఆగుతుంది, లోపలి ఉప్పు ఆగదు. పైగా తుఫాను గాలికి రేకులు లేస్తే పిట్టగోడనూ లాక్కుపోతాయి.

ఏది తేలినా పని జనవరి–మే మధ్యలో పెట్టుకో. అక్టోబరు, నవంబరుల్లో శ్లాబు విప్పి ఉంచడం కాకినాడలో తగదు. ఈ ఆదివారమే వంటింట్లో ఆ ఊడిన చోటు కింద జాకీలు పెట్టించు. స్టవ్వు పక్క గదిలోకి మార్చండి, పిల్లల్ని అటు తిరగనివ్వకు. సుద్ద గీతలు పడ్డాక గది గదికీ ఫొటో, ఊచల కొలతలు నాకు పంపు.

అమ్మ