కృత్రిమ మోకాలు ఎవరి కొలతకు?

సంపాదకుడు గారికి,

నమస్కారం. 'మహిళల కోసం ప్రత్యేక మోకాలు', 'ఆసియావాసుల ఎముకకు తగిన మోకాలు' అనే ప్రకటనలు చదివి, ఇది బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడమేనని నవ్వుకునేవారు ఉంటారు. ఆడమగ తేడాకూ, జాతికీ మోకాలి ఆకారంతో ముడి నిజంగానే ఉంది. కాకపోతే ప్రకటనల్లో చెప్పినంత సులువుగా లేదు. వైద్య విద్యార్థులకు ఎముకలు చూపించి పాఠం చెప్పడం నా వృత్తి. అందుకే ఈ లేఖ.

తొడ ఎముక కింది కొసకు ముందునుంచి వెనక్కి ఒక కొలత, అడ్డంగా ఒక కొలత ఉంటాయి. ముందువెనక కొలత సమానంగా ఉన్న రెండు ఎముకలు పక్కపక్కన పెడితే, ఆడవారిది సగటున అడ్డంగా సన్నగా కనిపిస్తుంది. తూర్పు ఆసియా దేశాల్లో కొలిచిన మోకాళ్లు పాశ్చాత్యుల మోకాళ్ల కంటే సగటున చిన్నవి. మోకాలి మార్పిడి ఆపరేషన్‌లో ఎముక కొసకు వేసే లోహపు తొడుగును ఎక్కువగా ముందువెనక కొలతను బట్టే ఎంచుకుంటారు. ఆ కొలత కుదిరినా, తొడుగు పక్కలకు ఎముక దాటి పొడుచుకు రావచ్చు. అప్పుడు కాలు వంచినప్పుడల్లా ఆ అంచు చుట్టూ ఉన్న మెత్తటి కణజాలాన్ని ఒరుసుకుంటుంది. 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో మూడు మిల్లీమీటర్లు, అంతకు మించి అంచు బయటికి వచ్చిన మోకాళ్లు మగవారిలో 40 శాతం, ఆడవారిలో 68 శాతం. అలాంటివారికి రెండేళ్ల తర్వాత నొప్పి ఉండే అవకాశం దాదాపు రెట్టింపు. మూడు మిల్లీమీటర్లే కదా అని తీసిపారేసే విషయం కాదు.

మరి ప్రత్యేక మోకాలు పెడితే సరిపోతుందా? అమెరికాలో 2006లోనే ఆడవారి మోకాలు పేరిట ఒకటి వచ్చింది. ఒకే మహిళకు ఒక కాలికి మామూలుది, రెండో కాలికి ప్రత్యేకమైనది అమర్చి కూడా పరీక్షించారు. నొప్పిలోనూ, కాలు వంగడంలోనూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. నాకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. సగటు వేరు, మనిషి వేరు. పొడగరి స్త్రీ మోకాలు పొట్టి పురుషుడి మోకాలి కంటే పెద్దదిగా ఉండవచ్చు. ఎత్తును లెక్కలోకి తీసుకుంటే ఆడమగ తేడాలో మంచి భాగం కరిగిపోతుంది.

జాతి సంగతి ఇంకా చిక్కు. గొంతుక్కూర్చునే అలవాటున్నవారి మోకాలి కింది ఎముక పైభాగం బయటివైపు ఎక్కువ గుండ్రంగా ఉంటుందని శరీర నిర్మాణ శాస్త్రవేత్త ఆర్థర్ థామ్సన్ 1889లోనే చూపించారు. అంటే ఎముక ఆకారంలో పుట్టుకతో పాటు బతుకు తీరుకూ వాటా ఉంది. అస్థిపంజరం ఎవరిదో తేల్చే నిపుణులు కూడా మోకాలి ఎముక చూసి 'ఫలానా వర్గం కావచ్చు' అంటారే తప్ప అంతకు మించి పందెం కాయరు. అంత అనిశ్చితమైన జాతి పేరు చూసి, ఆపరేషన్ బల్ల మీద ఉన్న మనిషికి సైజు నిర్ణయించడం నాకు మింగుడుపడదు.

నేను కోరేది వేరు. ఒకే ముందువెనక కొలతలో వెడల్పువి, సన్ననివి రెండు రకాలూ ఆసుపత్రిలో సిద్ధంగా ఉండాలి. చిన్న సైజులు అయిపోయాయని పెద్దది బిగించకూడదు. ఎవరి ఎముకల కొలతలతో పరికరాన్ని రూపొందించారో తయారీదారు బయటపెట్టాలి. ఆ మాట అడిగే అధికారం నియంత్రణ సంస్థలకు ఉంది, అడగాలన్న పట్టుదలే కావాలి. స్వీడన్ 1975 నుంచీ మోకాలి మార్పిడుల నమోదు నడుపుతోంది. ఇలాంటి నమోదులున్న ప్రతిచోటా ఫలితాలను సైజుల వారీగా, ఆడమగ వారీగా ప్రచురించాలి. ఇక రోగికి ఇంటికి వెళ్లేటప్పుడు ఇచ్చే కాగితంలో అమర్చిన పరికరం సైజు, అంచు ఎముకను దాటిందా, దాటితే ఎంత అన్నది రాసివ్వాలి. రెండేళ్ల తర్వాత నొప్పితో తిరిగి వచ్చినప్పుడు వైద్యుడికి అది అక్కరకొస్తుంది.

ఇట్లు,
ఒక శరీర నిర్మాణ శాస్త్ర అధ్యాపకురాలు