కోడి పచ్చడి ధర, సరఫరాలో మార్పుల గురించి మీకు చెప్పవలసినవి

మా దగ్గర పచ్చళ్లు తెప్పించుకునే మీ అందరికీ నమస్కారం. వచ్చే నెల నుంచి కోడి పచ్చడికి ఫారం బ్రాయిలర్ మాంసం వాడడం మానేస్తున్నాము. దానివల్ల కిలో ధర 1,200 రూపాయల నుంచి 1,750 రూపాయలకు పెరుగుతుంది, తయారీ సగానికి పైగా తగ్గుతుంది. ఇంత తేడా ఎందుకు వస్తున్నదో దాచకుండా చెప్పడం మా బాధ్యతగా భావిస్తున్నాము.

మేము ఉండేది పశ్చిమ గోదావరి జిల్లా తణుకు పరిసరాల్లో. గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే మొదటి స్థానంలో ఉంది. 2019 పశుగణన ప్రకారం రాష్ట్రంలో కోళ్ల సంఖ్య 10 కోట్లు దాటింది. ఈ పరిశ్రమ ఎన్నో కుటుంబాలకు అన్నం పెడుతున్నదన్న మాట నిజం. అయితే గుడ్ల కోడి ఒక్కొక్కటి రోజుకు సుమారు 100 గ్రాముల పెంట వేస్తుంది కాబట్టి, లక్ష కోళ్లున్న ఫారంలో రోజుకు 10 టన్నుల దాకా పోగవుతుంది. బోనుల కింద నెలల తరబడి పేరుకునే ఆ పెంటకు నీటి గొట్టాల నుంచి కారే తడి తోడైతే, మన ఎండలకు వారం పది రోజుల్లోనే కొత్త ఈగలు లేస్తాయి. ఫారాలను ఆనుకొని ఉన్న ఊళ్లలో పట్టపగలు దోమతెర కట్టుకొని అన్నం తినేవారిని, పసిబిడ్డను తెరలోనుంచి బయటకు తీయడానికి భయపడే తల్లులను మేము చూశాము. అమ్మోనియా ఘాటుకు కళ్లు మండుతాయి. వానకు కొట్టుకుపోయిన పెంట పంట కాలువల్లో, చెరువుల్లో కలుస్తుంది.

5,000కు మించి కోళ్లున్న ఫారాలకు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉండాలనీ, కొత్త ఫారాలు నివాసాలకు 500 మీటర్ల దూరంలో ఉండాలనీ కేంద్ర మండలి మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఫారాలు ముందే వెలసిన చోట, ఊరు పెరిగి వాటి గోడల దాకా వచ్చిన చోట ఆ దూరం కాగితం మీదనే మిగులుతున్నది.

2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులోనూ, పెరవలి మండలంలోనూ బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. బాగా ఉడికిన మాంసంలో ఆ వైరస్ బతకదు, కనుక పచ్చడి గురించి అప్పుడూ భయపడవలసిన పని లేదు. మమ్మల్ని కలచివేసింది వేరే విషయం. ఒకే జాతి, ఒకే వయసు కోళ్లను వేల సంఖ్యలో ఒక కప్పు కింద కుక్కినప్పుడు జబ్బు ఒకదానికి వస్తే షెడ్డంతా పోతుంది; చచ్చిన వాటినీ, చంపక తప్పని వాటినీ పూడ్చే గోతులు మళ్లీ ఆ ఊరి భూమిలోనే తవ్వాలి.

మాంసం కోళ్ల విషయానికి వస్తే, ఒప్పంద పెంపకంలో పిల్లలు, మేత, మందులు కంపెనీ ఇస్తుంది. షెడ్డు, కరెంటు, కూలి ఖర్చులు రైతువి. కోడి కంపెనీది, పెంట మాత్రం రైతుది. అప్పు చేసి షెడ్డు కట్టిన రైతుకు కిలోల లెక్కన వచ్చే పెంపకం కూలిలో పెంటను సరిగా ఆరబెట్టించే ఖర్చుకు చోటే ఉండదు. అందువల్ల కంపు గురించి ఊరివాళ్లు ఆ రైతుతోనే గొడవపడడం మాకు అన్యాయంగా కనిపిస్తుంది. ఇక యాంటీబయాటిక్‌లు. మనుషులకు వేరే మందులేవీ పనిచేయనప్పుడు వాడే కొలిస్టిన్‌ను కోళ్ల మేతలోనూ కలుపుతూ వచ్చారు. 2019 జులైలో కేంద్ర ప్రభుత్వం ఆ వాడకాన్ని నిషేధించవలసి వచ్చింది.

ఇకపై మేము కొనేది పెరళ్లలో, తోటల్లో కోళ్లను వదిలి పెంచే చిన్న పెంపకందార్ల దగ్గర. వీటిలో కొన్ని అచ్చమైన నాటుకోళ్లు, కొన్ని హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా రకం. రెండూ కలిసి ఉంటాయి కాబట్టి సీసా మీద ‘నాటుకోడి’ అని వేయము. ‘సేంద్రియ’ అనీ వేయము, ఎందుకంటే మాకు అలాంటి ధ్రువీకరణ లేదు. ఈ కోళ్లకూ కొక్కెర తెగులు వస్తుంది, టీకాలు వేయిస్తారు. బ్రాయిలర్ 40 రోజుల్లో కోతకు వస్తే వీటికి నాలుగైదు నెలలు పడుతుంది. ఎముక ఎక్కువ, ముక్క గట్టిగా ఉంటుంది, వేపడానికి నూనె, సమయం ఎక్కువ కావాలి. ధరలో పెరిగినదంతా ఇక్కడే ఖర్చవుతుంది.

ఈ ధర అందరికీ అందుబాటులో ఉండదని మాకు తెలుసు. కొందరు వేరే చోట కొనుక్కుంటారు, వారి మీద మాకు ఏ నింద లేదు. రొయ్యల చెరువుల నీటి గురించి కూడా కొందరు అడుగుతున్నారు. అది న్యాయమైన ప్రశ్నే, కానీ రొయ్యల పచ్చడిలో ప్రస్తుతం ఏ మార్పూ చేయడం లేదు.

ఇప్పటికే డబ్బు కట్టినవారికి పాత ధరకే, పాత మాంసంతోనే ఈ నెలాఖరులోగా పంపుతాము. వద్దనుకుంటే పూర్తి మొత్తం తిరిగి ఇస్తాము. అమెరికా పార్సిళ్లకూ ఇదే వర్తిస్తుంది. కొత్త పచ్చడి నెలకు రెండు విడతలుగా మాత్రమే పెడతాము, ముందుగా చెప్పినవారికి ముందు.