శనివారం ప్రార్థన కూడిక – అందరూ చదవండి

అందరికీ ప్రైజ్ ద లార్డ్ 🙏

ఈ శనివారం సాయంత్రం 6:30కి బ్రాడీపేటలో మా మేడ మీదే కూడిక. ఆదివారం ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన) ఉంది కదా, అందుకే ఈసారి క్షమాపణ గురించి మాట్లాడుకుందాం.

మత్తయి 18వ అధ్యాయం 21 నుంచి 35 దాకా ఇంట్లోనే చదువుకుని రండి. పదివేల తలాంతుల అప్పు మాఫీ అయినవాడు, వంద దేనారాల కోసం తోటి దాసుడి గొంతు పట్టుకుంటాడు చూడండి, దేనారం అంటే అప్పట్లో ఒక రోజు కూలి, తలాంతు అంటే దాదాపు 6000 దేనారాలు, ఆ తేడా ఒక్కసారి లెక్కేసుకోండి.

నా సంగతి చెప్తాను. మా తోడికోడలితో రెండేళ్లు మాటల్లేవు, ఒకే చర్చిలో చెరో వైపు కూర్చునేవాళ్లం. పోయిన ఆదివారం చెప్పులు వేసుకుంటుంటే తనే వచ్చి నా చెయ్యి పట్టుకుంది, ఏమీ అనలేదు, ఇద్దరం ఏడ్చేశాం. ముందు నేను వెళ్లాల్సింది అని ఇప్పటికీ అనిపిస్తోంది.

మీకూ అలా ఎవరైనా ఉంటే శనివారం లోపు ఒక్క ఫోన్ చేయండి. మెసేజ్ కాదు, ఫోనే. ఎవరికి చేశారో ఇక్కడ పెట్టొద్దు ప్లీజ్, అది మీకూ దేవుడికీ మధ్య.

బైబిల్, పాటల పుస్తకం తెచ్చుకోండి. యూత్ వాళ్లు 6కే వచ్చి చాపలు వేయాలి. మెట్లు ఎక్కలేని పెద్దవాళ్లకి కింద హాల్లో కుర్చీలు వేస్తాం, ఎంతమంది వస్తారో శుక్రవారం రాత్రికల్లా చెప్పండి, టీ దానికి తగ్గట్టు పెట్టాలి.